అడగకుండా రాసిన మాట

మాస్టరమ్మ కత్తి పట్టిందంటే ఎనభై పొరల గుడ్డ వెన్నముద్దలా తెగుతుందని ఆ యూనిఫారాల ఫ్యాక్టరీలో చెప్పుకునేవారు. ఆస్పత్రి నర్సుల గౌన్లయినా, బడిపిల్లల చొక్కాలయినా, కాపలావాళ్ళ ప్యాంట్లయినా, ముందు గుడ్డ ఆవిడ బల్ల మీదికి రావలసిందే. పొడవాటి బల్ల మీద పొర మీద పొర పరిచి, పైన ముక్కల ఆకారాలు గీసిన గీతల కాగితం అంటించి, ఎడమచేతికి ఇనుపవల తొడుగు వేసుకుని, కుడిచేత్తో నిలువుకత్తి మిషను తోసుకుంటూ వెళ్ళేది. పై పొరకూ అడుగు పొరకూ వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. దారాలు కత్తిరించే పనికి చేరి, ముప్పై ఏళ్ళలో కటింగ్ మాస్టరు దాకా ఎదిగిన ఆడమనిషి అక్కడ ఆవిడొక్కతే. అందరికీ మాస్టరమ్మే. అసలు పేరు ఆవిడ సంతకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

యాభై రెండో ఏట ఒక తెల్లవారుజామున ఎడమకాలి బొటనవేలు ఆవిడను కేక పెట్టించి లేపింది. వేలి మొదలు ఎర్రగా, నున్నగా, దొండపండులా ఉబ్బి ఉంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం లాగేస్తోంది. భర్త బస్సు కండక్టరుగా పనిచేసి దిగిపోయినవాడు, నెమ్మదస్తుడు. ఏదో పురుగు కుట్టి ఉంటుందని చెప్పు చేతపట్టుకుని మంచం కింద వెతికాడు.

"పురుగు కాదండీ, ఎముక లోపలినుంచి కొరుకుతోంది," అంది ఆవిడ పళ్ళు బిగించి.

ఫ్యాక్టరీకి వారానికి రెండు రోజులు ఒక డాక్టరుగారు వచ్చేవాడు. మనిషి మొహం చూడకముందే సూది అందుకుంటాడు గనక కార్మికులు ఆయనకు సూదిగారని పేరు పెట్టారు. ఆయన గుమ్మంలోంచే వేలు చూసి, "గౌట్. యూరిక్ యాసిడ్. నోరు కట్టుకో," అన్నాడు. నొప్పి సూది పొడిచాడు. మూడు రోజుల్లో వేలు మామూలైంది. నాలుగు నెలలకు మళ్ళీ వచ్చింది, మళ్ళీ సూది. అలా నాలుగేళ్ళు గడిచాయి. మొదట్లో ఏడాదికి మూడుసార్లు వచ్చేది, తరవాత నెలకొకసారి రావడం మొదలుపెట్టింది.

నోరు కట్టుకోమన్నారు గదా, కట్టుకుంది. మాంసం మానేసింది, చేపలు మానేసింది. భర్త అక్కగారు, అంటే ఆవిడ వదినగారు, ఎక్కడో విన్న జాబితా తెచ్చి పుట్టగొడుగులు, పప్పులు, టమాటాలు కూడా మాన్పించింది. "ఇంక నాకు మిగిలినవి రెండే, అన్నమూ తిట్లూ," అని మాస్టరమ్మ నవ్వేది. అయినా వేలు మాత్రం నెల తప్పకుండా వచ్చి పలకరించి పోయేది.

ఆ ఫ్యాక్టరీలో ముందుభాగం ఇనుపరేకు ఉన్న బూట్లే వేసుకోవాలి. వాచిన కాలు అందులో దూరదు. అందుకని ఎడమకాలికి భర్త సైజు బూటు తెప్పించుకుని వేసుకునేది. పెద్ద బూటు, నొప్పి వేలు, రెండూ కలిసి నడక ఒక పక్కకు ఒరిగేది. ఫ్లోర్ మేనేజరు అది చూశాడు. ఎవరు నీళ్ళు తాగడానికి వెళ్ళినా చేతి గడియారం చూసుకుంటాడని ఆయనను అందరూ స్టాప్‌వాచ్ అనేవారు.

"తిని కూర్చునే రాజుల రోగం పట్టింది నీకు," అని ఒకరోజు పరాచికాలాడాడు.

"రోగం రాజులది, జీతం కూలివాళ్ళది. దేవుడికి లెక్కలు రావు సార్," అంది మాస్టరమ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు. స్టాప్‌వాచ్ నవ్వలేదు.

ఆ వారమే ఆవిడను కత్తి దగ్గరినుంచి తీసేశారు. తెగిన ముక్కలను సైజులవారీగా పేర్చి కట్టలు కట్టే పని అప్పగించారు, ఎప్పుడో ఆవిడ దాటివచ్చిన పని. ఎందుకని అడిగితే స్టాప్‌వాచ్ కాగితాల మీదినుంచి తల ఎత్తలేదు.

"సేఫ్టీ. మందుల గదినుంచి నీ ఫైలు తెప్పించి చూశాను. డాక్టరు నోట్ ఉంది."

"ఏమని ఉంది?"

"నీ గురించే గదా, నీకు తెలీదా? నన్ను నోరు విప్పమనకు."

మాస్టరమ్మ తిన్నగా మందుల గదికి వెళ్ళింది. ఆ రోజు సూదిగారు వచ్చే రోజు కాదు. కట్లు కట్టే నర్సమ్మ ఒక్కతే ఉంది. ఆ అమ్మాయి బీరువాలోంచి ఫైలు తీసింది గానీ ఇవ్వడానికి తటపటాయించింది.

"అక్కా, నేను చూపించానని చెప్పకండి," అని మొదటి కాగితం ఆవిడవైపు తిప్పి, తను కిటికీవైపు తిరిగింది.

నాలుగేళ్ళ కిందటి తేదీ. పొగాకు: లేదు. మద్యం: అవును. ఆ అవును పక్కన టిక్కు. దాని కింద సూదిగారి గొలుసు రాతలో, "వ్యాధి మద్యపానం వల్ల. యంత్రాల పనికి తగదు."

మాస్టరమ్మ ఆ మాట మూడుసార్లు చదివింది. చదివినకొద్దీ అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళిళ్ళలో ఎవరైనా గ్లాసు అందిస్తే వాసన చూసి పక్కన పెట్టే మనిషి ఆవిడ. పోనీ, తాగుతావా అని ఆయన ఒక్కసారైనా అడిగాడా? గుర్తు చేసుకుంది. నాలుగేళ్ళలో ఇన్ని సూదులు పొడిచాడు. ఏ కాలు అని అడిగాడు, ఏ చేతికి పొడవమంటావని అడిగాడు. ఆ మాట మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

"అడగకుండా ఎలా రాస్తారమ్మా?" అంది.

"ఈ జబ్బంటే అందరికీ అలాగే టిక్కు పెడతారక్కా. చేతికి అలవాటైపోయింది," అంది నర్సమ్మ.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఆవిడ చెట్టు కిందికి కూడా పోలేదు. కాలు నొప్పని మాత్రమే చెప్పింది.

మందుల గది గోడలకు చెవులుంటాయి. సాయంత్రానికి మాట ఫ్లోరంతా పాకింది. ఇస్త్రీ సెక్షన్‌లో ఆవిరి మిషను దగ్గర పనిచేసే పెద్దాయన ఉన్నాడు. సాయంత్రమైతే చుక్క వేసుకుంటాడని అందరికీ తెలుసు, ఆయనా దాచుకోడు. గేటు దగ్గర ఎదురై, నవ్వుతూ, "ఏం చెల్లెమ్మా, మా పార్టీలో చేరావటగా!" అన్నాడు.

"నీ పార్టీ నీ దగ్గరే ఉంచుకో. నేను నీలాంటిదాన్ని కాను!" అని కసిరింది మాస్టరమ్మ. చుట్టూ పదిమంది ఉన్నారు. పెద్దాయన నవ్వు అలాగే ఉండిపోయింది గానీ కళ్ళు దించుకున్నాడు. ఆ కోపంలో ఆవిడ అది గమనించలేదు.

*

మర్నాడు సెలవు పెట్టి పెద్దాస్పత్రిలో కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ వయసు ఆవిడ కూతురి వయసంత ఉంటుంది. గదిలో రెండు కుర్చీలు, గోడకు చేతి ఎముకల బొమ్మ, బయట యాభైమంది జనం. రక్తపు రిపోర్టు చూసి డాక్టరమ్మ కనుబొమ్మలు ముడివేసింది.

"యూరిక్ యాసిడ్ తొమ్మిది పాయింట్ ఆరు. ఆరులోపు ఉండాలమ్మా. ఇంకేం మందులు వాడుతున్నారు?"

"బీపీకి ఒకటి. ఆరేళ్ళ కిందట మా ఫ్యాక్టరీ డాక్టరే ఇచ్చాడు."

బీపీ మాత్ర అట్ట తిప్పి చూసి డాక్టరమ్మ నిట్టూర్చింది. అది ఒంట్లో నీళ్ళు లాగే మాత్ర. అదే యూరిక్ యాసిడ్‌ను కూడా పెంచుతుంది. దాన్ని మార్చి వేరేది రాసింది. తిండివల్ల వచ్చేది కొంతేననీ, రక్తంలో పేరుకున్న యూరిక్ యాసిడ్‌ను కిడ్నీలు సరిగా బయటికి పంపకపోవడమే అసలు సంగతనీ, చాలామందికి అది పుట్టుకతో వచ్చే తీరనీ చెప్పింది.

"మరి నాలుగేళ్ళు నోరు కట్టుకున్నానే!"

"కట్టుకోవడం మంచిదే. కానీ అది ఒక్కటే సరిపోదు. మీకు నొప్పికి మందిచ్చారు, రోగానికి ఇవ్వలేదు. కప్పు కారుతుంటే నేల తుడుస్తూ కూర్చున్నట్టు. ఆ సూదులవల్లనేమో, కిడ్నీలు కూడా కాస్త అలిసిపోయాయి. భయపడేంత కాదు, కనిపెట్టుకుని ఉందాం."

రెండు మందులు రాసింది. ఒకటి అల్లోప్యూరినాల్, యూరిక్ యాసిడ్‌ను తగ్గించేది. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, రక్తం చూసుకుంటూ నెలనెలా పెంచాలి. రెండోది కొన్ని నెలలపాటు దానికి కాపలాగా ఉండేది. "ఒంటి మీద దద్దుర్లు గానీ, జ్వరం గానీ, నోట్లో పుళ్ళు గానీ వస్తే ఒక్క పూట కూడా ఆగకుండా మాత్ర ఆపేసి వచ్చెయ్యండి," అని ఆవిడ కళ్ళలోకి చూసి రెండుసార్లు చెప్పింది. తరవాత చీటీ రాసుకుంటూ ఇంకా ఏదో చెప్పింది. బయట ఎవరో తలుపు తడుతున్నారు. మాస్టరమ్మ తల ఊపి వచ్చేసింది.

నాలుగేళ్ళలో మొదటిసారి ఒక దారి కనపడిందనుకుని మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టింది. సరిగ్గా తొమ్మిదో రోజున వేలు భగ్గుమంది. ఈసారి మునుపటికంటే రెండింతలు.

వదినగారు పరుగెత్తుకొచ్చింది. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది గదా! ఏమ్మాయ్, ఆ మాత్ర బయట పారెయ్యి. రోజూ వేసుకునే మందంటే ఒంటికి విషమే."

"పోనీ ఆపి చూడరాదూ," అన్నాడు భర్త బిక్కమొహంతో.

ఫ్యాక్టరీలో సూదిగారు చీటీ చూసి పెదవి విరిచాడు. "ఎవరిచ్చారిది? నొప్పి పెంచే మందు వేసుకుంటూ నొప్పని ఏడుస్తావేం? ఆపెయ్." సూది పొడిచాడు.

ముగ్గురూ ఒకే మాట అన్నారు. ఆవిడకు మటుకు ఏం తెలుసు? రెండు మాత్రలూ ఆపేసింది.

మూడు వారాలు తిరక్కుండానే గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. వేలు, చీలమండ, వాటితోబాటు కుడిచేతి మణికట్టు కూడా వాచాయి. ఏళ్ళ తరబడి కత్తి నడిపిన చెయ్యి ఇప్పుడు నీళ్ళ గ్లాసు ఎత్తలేకపోయింది. భర్త అన్నం కలిపి నోటికందిస్తుంటే మొహం తిప్పుకుంది. ఏడుపొచ్చి కాదు, కోపమొచ్చి. సూదిగారి మీద కోపం, వదినగారి మీద కోపం, అందరికంటే ఎక్కువగా ఆ మాత్ర రాసిచ్చిన డాక్టరమ్మ మీద కోపం.

"ఆటో పిలవండి," అంది.

కీళ్ళ డాక్టరమ్మ గదిలో వరస కూడా చూసుకోకుండా దూరి, మందు అట్టలు ఎడమచేత్తో బల్ల మీద విసిరింది.

"నేను మీకేం అపకారం చేశాను తల్లీ? ఉన్న వేలికి తోడు చెయ్యి కూడా పోయింది. నామీద ప్రయోగాలు చేస్తున్నారా?"

డాక్టరమ్మ కంగారు పడలేదు. లోపలున్న మనిషిని కాసేపు బయట కూర్చోమని పంపి, లేచి వచ్చి, ఆవిడ మణికట్టు కింద తన అరచెయ్యి పెట్టి చూసింది.

"మందు ఎప్పుడాపారు?"

"నొప్పి రాగానే. ఆపరా మరి!"

"మొదట్లో నొప్పి వస్తుందని, వచ్చినా మందు ఆపొద్దని చెప్పాను..." అని ఆగింది డాక్టరమ్మ. ఒక్క క్షణం చీటీల కట్టవైపు చూసింది. "చెప్పాను గానీ మీ మొహం చూసి చెప్పలేదు. రాసుకుంటూ చెప్పాను. అది చెప్పినట్టు కాదు. తప్పు నాదేనమ్మా."

తప్పు నాదే అన్న డాక్టరును మాస్టరమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఈసారి డాక్టరమ్మ కలం కింద పెట్టి చెప్పింది. ఏళ్ళ తరబడి కీళ్ళలో యూరిక్ యాసిడ్ గాజుపెంకుల్లా పేరుకుపోయి ఉంటుంది. మందు పడి రక్తంలో మట్టం తగ్గేసరికి ఆ పాతవి కదులుతాయి, కదిలినప్పుడు పోటు వస్తుంది. మొదటి కొన్ని నెలలు అలా రావచ్చు. మందు పనిచెయ్యడం లేదని దానర్థం కాదు. ఆ పోటు రాకుండా కాయడానికే రెండో మాత్ర. అది ఉన్నా ఒక్కోసారి వస్తుంది. వస్తే పోటుకు వేరే మందు ఇస్తారు, అసలు మాత్ర మాత్రం మానకూడదు. మానితే మట్టం మళ్ళీ పెరుగుతుంది.

"ఈ వాపు తగ్గడానికి వారం మందిస్తాను, మీ కిడ్నీలకు పడేది. తగ్గాక ఆ మాత్ర మళ్ళీ మొదటినుంచీ, చిన్న మోతాదుతోనే. నొప్పొస్తే ఎవరి మాటా వినకండి, నాకు ఫోన్ చెయ్యండి."

చీటీ మీద నంబరు రాసిచ్చింది. మాస్టరమ్మ లేవబోతూ ఆగింది.

"ఒక్క మాట. ఈ రోగం తాగితేనే వస్తుందా?"

"తాగితే పెరుగుతుంది. తాగనివాళ్ళకూ వస్తుంది. ఎవరికొచ్చినా మందు ఒకటే."

"నాది తాగుడువల్ల కాదని రాసిస్తారా?"

"రాసిస్తాను. ముందు అడగాలి గదా. మీకు అలవాటుందా?"

"లేదు," అంది మాస్టరమ్మ. నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఆవిడను అడిగినవాళ్ళలో మొదటి మనిషి ఆ పిల్ల.

*

మాత్ర రోజూ ఉదయం టీ తాగాక వేసుకునేది. రెండో నెలలో చీలమండకు ఒకసారి పోటు వచ్చింది. వదినగారు మళ్ళీ కొండనాలుక సామెత ఎత్తుకుంది. "సామెత నాక్కూడా వచ్చు వదినా, యూరిక్ యాసిడ్‌కే రాదు," అని మాత్ర మింగేసింది. నెలనెలా మోతాదు పెరిగింది. రక్తంలో మట్టం మొదట ఎనిమిదికి దిగింది, తరవాత ఏడు, ఐదో నెలకు ఐదు పాయింట్ ఏడు. మణికట్టు వాపు పోయి ఎముకల గుర్తులు మళ్ళీ కనపడ్డాయి. పాత ఎడమబూటు కాలికి పట్టింది.

అయినా ఆవిడ కట్టలే కడుతోంది. డాక్టరమ్మ రాసిన కాగితం ఇస్తే స్టాప్‌వాచ్ చదవకుండానే సొరుగులో వేశాడు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిరి మిషను వెనకనుంచి వెళ్తూ చూసింది. ఇస్త్రీ పెద్దాయన దారపు కండెల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. కుడి బూటు విప్పి ఉంది. బొటనవేలు ఎర్రగా, నున్నగా. ఆవిడను చూడగానే కాలు పెట్టె వెనక్కి లాక్కోబోయి అబ్బా అన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?" అంది మాస్టరమ్మ.

"మూడేళ్ళు."

"మందుల గదికి వెళ్ళలేదా?"

"వెళ్తే రాస్తాడు గదా చెల్లెమ్మా." ఆయన చిన్నగా నవ్వాడు. "నీకైతే అబద్ధం రాశాడు, పోట్లాడటానికి ఉంది. నాకు నిజమే రాస్తాడు. ఆవిరి మిషను కూడా యంత్రమేగా. ఇంటికి పంపిస్తే ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?"

మాస్టరమ్మకు అప్పుడు గేటు దగ్గర తనన్న మాట గుర్తొచ్చింది. నేను నీలాంటిదాన్ని కాను. ఆరు నెలలుగా ప్రతివాళ్ళకూ అదే చెప్పుకుంటూ తిరిగింది, తను తాగదని. తాగితే ఆ నొప్పికి అర్హురాలైనట్టు. ఈయన మూడేళ్ళు ఆ వేలితో రోజుకు ఎనిమిది గంటలు నిలబడి ఇస్త్రీ చేశాడు. ఆ వేలు ఎలా కొరుకుతుందో ఆ ఫ్లోరులో ఆవిడకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. ఇంకో పెట్టె లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"అన్నయ్యా, ఆ రోజు నేనన్నది తప్పు," అంది. "శనివారం నాతో ఆస్పత్రికి రా. దాచకుండా అన్నీ చెప్పు. ఆవిడ మందిస్తుంది."

"తిడుతుందేమో."

"తిడితే నేనున్నాగా, నేనూ ఆవిడను తిడతాను."

*

ఆ మరుసటి వారం కొత్త కటింగ్ మాస్టరు గీతల కాగితం జరిగింది చూసుకోకుండా కత్తి నడిపాడు. బడిపిల్లల చొక్కాలు నాలుగు వందలకు కుడిచేతులు పొట్టివయ్యాయి. ఆ రోజే మాస్టరమ్మకు పిలుపొచ్చింది. స్టాప్‌వాచ్ గదిలో సూదిగారు కూడా కూర్చుని టీ తాగుతున్నాడు.

"రేపటినుంచి నీ బల్ల దగ్గరికి వచ్చెయ్. అయిందేదో అయింది," అన్నాడు స్టాప్‌వాచ్, పెద్ద వరమిస్తున్నట్టు.

ఇంకెవరైనా అయితే దండం పెట్టి వచ్చేసేవారు. మాస్టరమ్మ కదల్లేదు.

"ఏం అయిందో ఫైల్లో ఇంకా అలాగే ఉంది సార్. అది సరిచేస్తేనే కత్తి పడతాను."

సూదిగారు టీ కప్పు కింద పెట్టాడు. "రికార్డు కొట్టెయ్యకూడదు. రూలు."

"కొట్టెయ్యమనలేదు డాక్టరుగారూ. దాని కింద ఇంకో మాట రాయండి. ఈ విషయం నేను ఈ మనిషిని అడగలేదు అని. అది నిజమేగా?"

"ఈ జబ్బొచ్చేవాళ్ళు నూటికి తొంభైమంది తాగుబోతులే! అడిగితే మాత్రం ఒప్పుకుంటారా?"

"మరి అడగనివాళ్ళకు తెలుస్తుందా?" ఆవిడ గొంతు పెరిగింది. బయట మిషన్ల చప్పుడు ఒక్కొక్కటే తగ్గసాగింది. "నేను తాగనని చెప్పడానికి మాత్రమే రాలేదు. తాగేదాన్నే అనుకోండి. అప్పుడు మాత్రం నాలుగేళ్ళు సూదులతో సరిపెడతారా? రోగానికి రోజూ వేసుకునే చిన్న మాత్ర ఒకటుందని మీకు తెలీదా, తెలిసీ చెప్పలేదా? నేను వేసుకుంటుంటే ఆపెయ్యమన్నారు. నా చెయ్యి పడిపోయింది. మా ఆయన నాకు అన్నం తినిపించాడు. ఆ నీళ్ళు లాగే బీపీ మాత్ర ఇచ్చింది మీరు. దానివల్ల వేలు వాస్తే తాగుబోతునని రాసింది మీరు. తాగేవాడికి నొప్పుండదా? వాడు మనిషి కాదా?"

"గొంతు తగ్గించు," అన్నాడు స్టాప్‌వాచ్ అలవాటుగా గడియారం చూసుకుంటూ.

"మీకూ ఒకటుంది సార్. నేను డాక్టరుకు చూపించుకున్న కాగితం మీ బల్ల మీదికి ఎలా వచ్చింది? అందుకే ఇక్కడ సగంమంది రోగాలు దాచుకుని చస్తున్నారు. వాళ్ళ పేర్లు నేను చెప్పను. మందుల గది ఫైళ్ళు మందుల గదిలోనే ఉండాలి, తాళం నర్సమ్మ దగ్గరుండాలి. అప్పటిదాకా పొట్టి చేతుల చొక్కాలు అమ్ముకోండి."

తలుపు అవతల మిషన్లన్నీ ఆగిపోయాయి. స్టాప్‌వాచ్ అద్దంలోంచి బయటికి చూశాడు. కుట్టేవాళ్ళు, ఇస్త్రీవాళ్ళు, కట్టలు కట్టేవాళ్ళు లేచి నిలబడి ఉన్నారు.

"రాసెయ్యండి డాక్టరుగారూ," అన్నాడు చివరకు.

నర్సమ్మ ఫైలు తెచ్చింది. సూదిగారు మొహం కందగడ్డలా చేసుకుని రాశాడు. "గొలుసు రాత వద్దు, అందరికీ అర్థమయ్యేలా," అంది మాస్టరమ్మ. మళ్ళీ రాశాడు. "మద్యం గురించి ఈ రోగిని అడగలేదు." కింద సంతకం, తేదీ.

"చాలా? తృప్తి పడ్డావా?" అన్నాడు కలం మూత పెడుతూ.

"లేదండీ. నాలుగేళ్ళు పోయాయి. అవి మీరు రాసివ్వలేరు."

సోమవారం ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్ళింది. క్షమాపణ ఎవరూ చెప్పలేదు. మందుల గది బీరువాకు మాత్రం కొత్త తాళం పడింది, తాళంచెవి నర్సమ్మ మెడలో వేలాడుతోంది. సూదిగారు ఇప్పటికీ వారానికి రెండు రోజులు వస్తాడు. ఎవరొచ్చినా ఫ్లోరంతా వినపడేలా, "తాగుతావా? అడిగానమ్మా, అడిగాను, సాక్ష్యం ఉండండి!" అని వెటకారం చేస్తాడు. వెటకారమో ఏదో, అడుగుతున్నాడు.

ఇస్త్రీ పెద్దాయన అంతకుముందు అనుకున్న శనివారమే ఆవిడతో ఆస్పత్రికి వచ్చాడు. రోజుకు ఎంత తాగుతాడో డాక్టరమ్మకు దాచకుండా చెప్పాడు. ఆవిడ తిట్టలేదు, తగ్గించుకోమంది, ఎలా తగ్గించాలో కూర్చోబెట్టి చెప్పింది. రక్తం పరీక్ష చేయించి, మాస్టరమ్మకు ఇచ్చిన మాత్రే ఇచ్చింది. మొదటి నెల్లో పోటు వచ్చినప్పుడు ఆయన భయపడి మాస్టరమ్మ బల్ల దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు.

ఆవిడ కత్తి మిషను ఆపి, ఇనుపవల తొడుగు తీసి పక్కన పెట్టి, ఆయన మొహంలోకి చూస్తూ చెప్పింది. "వస్తుంది అన్నయ్యా. వచ్చినా ఆపకు. పద, డాక్టరమ్మకు ఫోన్ చేద్దాం."